వరండాలో కుర్చీ

ఆ సాయంత్రం కోర్టు హాల్లోంచి బయటికొస్తుంటే, తాను గెలిచిందో ఓడిందో వకుళకు తేల్చుకోవడం కష్టమైంది.

బోనులో నిలబడ్డ ఓబులేసును ఆమె ముప్పావుగంట చీల్చి చెండాడింది. బైపాస్ మలుపులో పంక్చర్ షాపు అతనిది. రోడ్డు ఊడుస్తున్న మునిసిపల్ కార్మికురాలు మాదక్కను ఒక కారు గుద్ది చంపినప్పుడు అతను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. డ్రైవరు సీట్లోంచి తూలుకుంటూ దిగినవాణ్ణి చూశానని ఆ పొద్దునే పోలీసులకు చెప్పాడు. తీరా కోర్టుకొచ్చాక, షాపు లోపల ఉన్నాను, ఏమీ చూడలేదు అన్నాడు.

సొంత సాక్షి ఎదురు తిరిగితే ప్రాసిక్యూటర్ ఏం చేయాలో అదే చేసింది వకుళ. జడ్జిగారి అనుమతి తీసుకుని అతన్నే నిలదీసింది. కాలేజీ రోజుల్లో డిబేట్లలో ఎదుటి జట్టును ఎలా మూలకు నెట్టేదో అలాగే నెట్టింది. చచ్చిపోయిన మనిషి నీ అక్క అయినా ఇలాగే చెప్పేవాడివా అని అడిగింది. ఓబులేసు తల ఎత్తకుండానే బోను దిగి వెళ్ళిపోయాడు.

"ఉతికి ఆరేశారు మేడం," అన్నారు బయట జూనియర్ లాయర్లు.

ఉతికింది నిజమే. ఆరేశాక చూస్తే తీగ మీద ఏమీ లేదు.

ముద్దాయి శ్రీకర్ రైస్ మిల్లు యజమాని కొడుకు. అతని రక్తంలో మందు ఉందని లేబొరేటరీ కాగితం చెబుతోంది. కానీ కారు నడిపింది మా డ్రైవరు, నేను పక్క సీట్లో పడుకున్నాను అంటాడతను. ఆ డ్రైవరూ నేనే నడిపానని చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. తాగాడా లేదా అన్నది కాగితం చెప్పగలదు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందన్నది మనిషే చెప్పాలి. ఇక మిగిలింది ఒకే మనిషి. మాదక్కతో పాటు రోడ్డుకు అవతలి పక్క ఊడుస్తున్న సుంకమ్మ. ఆమె సాక్ష్యం వచ్చే గురువారం. ఆమె కూడా చూడలేదంటే శ్రీకర్ ఇంటికి, మాదక్క లెక్కలోంచి బయటికి.

వకుళ నేరుగా దస్తగిరి గారి గదికి వెళ్ళింది. ఆయన సీనియర్ ప్రాసిక్యూటర్. ఇరవై ఆరేళ్ళుగా రోడ్డు మీద చచ్చినవాళ్ళ తరఫునే నిలబడ్డాడని ఊళ్ళో అందరూ 'రోడ్డు కేసుల దస్తగిరి' అంటారు. వకుళకు పని నేర్పుతున్నది ఆయనే.

"అమ్ముడుపోయాడు సార్. వీడి మీద అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టాలి. సుంకమ్మకు ముందే గట్టిగా భయం చెప్పాలి."

దస్తగిరి గారు ఫైలుకు నాడా కడుతున్నాడు. ముడి పడేదాకా తల ఎత్తలేదు.

"రేపు నాతో రా. పక్క ఊరి కోర్టు కూడా నేనే చూస్తున్నాగా. నల్లకోటు వద్దు."

మర్నాడు బస్సు దిగి కోర్టు ఆవరణలోకి వచ్చాక ఆయన జేబులోంచి ఒక మడత కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఓబులేసుకు పంపిన పాత సమను.

"ఇవాళ నువ్వు ఓబులేసువి. పిలిచేదాకా వరండాలో ఉండు."

"ఎంతసేపు సార్?"

"పదిన్నరకు రమ్మని అందులో ఉంది. ఎప్పుడు పొమ్మంటారో ఉండదు."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో వకుళను ఎరిగినవాళ్ళు లేరు. వరండాలో ఒకే బెంచీ ఉంది. దాని మీద న్యాయవాదులకు మాత్రమే అని రాసి ఉంది. గోడకు ఆనుకుంటే సున్నం అంటుకుంటోంది. అటెండరు బయటికొచ్చి పేరు మూడుసార్లు కేకేసి లోపలికి పోతున్నాడు. కేకకు పలకకపోతే వారంటు వస్తుందని వకుళకు తెలుసు. ఎంతోమంది మీద వారంటు అడిగింది తనే. అందుకే గేటు బయట కుళాయి కనిపిస్తున్నా మంచినీళ్ళకు వెళ్ళలేదు.

పన్నెండింటికి ఉండబట్టలేక అటెండరును అడిగింది, ఇంకెంతసేపు పడుతుందని.

"పిలిస్తే వినపడతాదిలేమ్మా. దారికడ్డం నిలబడాకు."

ఒంటిగంటకు జడ్జిగారు భోజనానికి లేచారు. లాయర్లు క్యారియర్లు విప్పారు. పక్కనున్న ముసలాయన గోడవారగా గొంతుక్కూర్చుంటే కానిస్టేబులు లేపేశాడు. వకుళకు పిక్కలు బిగుసుకుపోయాయి. దస్తగిరి గారు ఆమె ముందు నుంచే రెండుసార్లు వెళ్ళాడు, వచ్చాడు. కళ్ళెత్తి కూడా చూడలేదు. తను కూడా రోజూ అలాగే నడుస్తుంది, ఫైలు చంకలో పెట్టుకుని, నోట్లో వాదన నెమరేసుకుంటూ. ఆ సంగతి అప్పుడు తట్టింది. తట్టగానే నచ్చలేదు. పక్కకు నెట్టేసింది.

రెండు దాటాక తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చాడు.

"పొద్దున్నుంచీ నిలబడే ఉండావు గదా తల్లీ. సాచ్చికమా?"

వకుళ తలూపింది. ఆయన ఎవర్నో పంపి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. గ్లాసుతో మజ్జిగ తెప్పించాడు. ఆడవాళ్ళ బాత్రూం తాళం టైపిస్టు దగ్గర ఉంటుందని తనే చెప్పాడు. నిన్ను పిలిస్తే ఆగమని చెబుతాలే, పోయిరా అన్నాడు. పేరేమిటని అడిగాడు. ఆ రోజుకు ఆమె పేరు అడిగిన మొదటి మనిషి.

"వకుళ."

"కూచో వకుళమ్మా. ఈ కోర్టుల్లో మన్లాంటోళ్ళను మనుసుల్లెక్కన యాడ జూస్తారు?"

ఆమె కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మజ్జిగ అంత రుచిగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలీదు.

అయిదింటికి దస్తగిరి గారు బయటికొచ్చాడు.

"పిలవలేదేం సార్?"

"వాయిదా పడింది." ఆయన కుర్చీ వైపు చూశాడు. "ఎవరిచ్చారు?"

"గౌరీనాథం గారని ఒకాయన. చాలా మంచాయన సార్."

"మంచాయనే. ఇవాళ నాలుగో నంబరు కేసులో ముద్దాయికి మేనమామ. నిన్ను మన సాక్షి అనుకున్నాడు."

వకుళ లేచి నిలబడింది. మజ్జిగ పులుపు ఇంకా నాలుక మీదే ఉంది.

తిరుగు బస్సులో ఆయన మాదక్క కేసు ఫైలు ఆమె ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మొదటి పేజీల్లో వాయిదాల జాబితా ఉంది. వకుళ ఎప్పుడూ చదవని పేజీలు అవే. వాదనకు పనికొచ్చేది అందులో ఏమీ ఉండదు.

ఓబులేసు సాక్ష్యానికి తొమ్మిది వాయిదాలు. రెండుసార్లు జడ్జిగారి సెలవు. నాలుగుసార్లు ముద్దాయి లాయరు గడువు అడిగాడు. మిగిలిన మూడూ ప్రాసిక్యూషన్ కోరిక మీద. ఒకసారి లేబొరేటరీ కాగితం రాలేదు. ఒకసారి తన ప్రశ్నల చిట్టా పూర్తి కాలేదు. మూడోసారి, తను చదివిన కాలేజీలో డిబేట్ పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్ళింది.

తొమ్మిది తేదీల ఎదురుగానూ అవే మాటలు ఉన్నాయి. సాక్షి హాజరు. వాయిదా.

ఆ తొమ్మిది రోజులూ పంక్చర్ షాపు మూసి ఉంటుంది. ఎవరు కుర్చీ వేసుంటారో, ఎవరు పేరు అడిగుంటారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరికి ఒకరోజు ఆమె కూడా అతనితో మాట్లాడింది. బోనులో నిలబెట్టి, ముప్పావుగంట.

"మీకు ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదు సార్?" అంది. గొంతులో కోపం ఉంది. ఎవరి మీదో ఆమెకే తెలీదు.

దస్తగిరి గారు కళ్ళు తెరవలేదు.

"ఇరవై ఆరేళ్ళు నేనూ ఆ వరండాలోంచే నడిచి లోపలికి పోయాను," అన్నాడు.

గురువారం వకుళ తొమ్మిదిన్నరకే కోర్టుకొచ్చింది. కోటు వేసుకోలేదు. తన గదిలోని కొయ్య కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని వరండా వైపు నడిచింది. దారిలో జూనియర్లు, ఇల్లు ఖాళీ చేస్తున్నారా మేడం అని నవ్వారు. ఆమె ఆగలేదు.

వరండా చివర సుంకమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో. పొద్దుటి డ్యూటీ నుంచి అట్నుంచటే వచ్చినట్టుంది, చీర మీద మునిసిపాలిటీ చొక్కా ఇంకా విప్పలేదు. ఒళ్ళో ఇడ్లీ పొట్లం సగం తెరిచి ఉంది. శ్రీకర్ వాళ్ళ రైస్ మిల్లు గుమాస్తా ఆమె పక్కన నిలబడి నీళ్ళ సీసా మూత తీస్తున్నాడు. వకుళను చూసి, మూత మళ్ళీ బిగించి, మెల్లగా స్తంభం అవతలికి జరిగాడు.

సుంకమ్మ అదేమీ గమనించలేదు. కుర్చీ మోసుకొస్తున్న అమ్మాయిని ఎగాదిగా చూసింది.

"నువ్వు గూడా సాచ్చికానికే వచ్చినావా పాపా?"

వకుళ కుర్చీ కింద పెట్టింది. కూర్చోలేదు.

"నాకిది ఏడోసారి," అంది సుంకమ్మ, పొట్లం ఆమె వైపు జరుపుతూ. "నీకెన్నోసారి?"

"మొదటిసారి," అంది వకుళ.