కాటుక వెనకాల మంద

ఏటిగట్టు దొడ్డిలోని గొర్రెలకు ఒక అలవాటుంది. ముందు నడిచే గొర్రె ఎటు తిరిగితే మందంతా అటే తిరుగుతుంది, ఎందుకని అడగదు. ఆ ముందు నడిచే గొర్రె పేరు కాటుక. కళ్ళచుట్టూ నల్లటి చారలుండేవి మరి. దాని ఒక్కగానొక్క పిల్ల బొల్లి. దానిమీదే కాటుక పంచప్రాణాలూ.

ఆ ఏడు అవతలిగట్టు మందలో బొబ్బల రోగం సోకి పిల్లలు రాలిపోతున్నాయి. అది రాకుండా కాపాడే మందు ఏదుపంది దగ్గర ఉంది. అడవిలో దాన్ని అందరూ ముళ్ళక్క అంటారు. మందుకుండను తడి ఇసుకలో చల్లగా దాచి, తన ముల్లు ఒకటి అందులో ముంచి, పిల్లల తొడకు గుచ్చుతుంది. ఒకసారి గుచ్చితే చాలదు, రెండోసారి కూడా వేయించుకోవాలి. మొదటిసారి కాటుక బొల్లిని తీసుకెళ్తే మందంతా వెంట వెళ్ళింది. రెండోసారి కాటుక కదల్లేదు. ఇంకెవరు కదులుతారు?

ముళ్ళక్క ఎండలో చాలాసేపు ఎదురుచూసి, చివరికి తనే దొడ్డికి వచ్చింది.

"రాలేదేం చెల్లీ?"

కాటుక మొహం తిప్పుకుంది. "నువ్వు గుచ్చిన రోజు నా బిడ్డ ఒళ్ళు కాలిపోయింది. పాలు ముట్టలేదు. ఇక దక్కదనుకున్నానక్కా."

ముళ్ళక్క దాని పక్కనే చతికిలబడింది. "తప్పు నాదే. గుచ్చేసి నా దారిన నేను పోయాను. కాస్త జ్వరం వస్తుందనీ, ఒక్కరోజులో తగ్గిపోతుందనీ చెప్పనేలేదు. తల్లివి, భయపడవా మరి?"

తిడుతుందనుకున్న కాటుకకు ఏడుపు ఆగలేదు. మనసులో ఉన్నదంతా కక్కేసింది. "నక్కన్న కూడా భయపెట్టాడు. ఇవాళ నీ దగ్గరకు వెళ్ళొద్దన్నాడు. రేపు నువ్వు మళ్ళీ వెతుక్కుంటూ వస్తావట, అందుకని పొద్దున్నే పిల్లల్ని ఏటి మలుపు దగ్గరకు పంపమన్నాడు, పొదల్లో దాస్తాడట. బొల్లిని ముందు నడిపిస్తే మిగతా పిల్లలు అవే వస్తాయన్నాడు."

"మరి తల్లులు?"

"తల్లులు రావద్దన్నాడు. మేం అరిస్తే నీకు తెలిసిపోతుందని..."

కాటుక అక్కడే ఆగిపోయింది. తన మాట తన చెవిన పడేసరికి వెళ్ళి బొల్లికి అడ్డంగా నిలబడింది.

"అక్కా, నా బిడ్డను ముందు పెట్టి అందరి బిడ్డల్నీ ఆ నక్క నోట్లోకి తోలబోయానా?"

"ఇంకా తోలలేదుగా. రేపు మలుపు దగ్గరకే రండి, తల్లులూ పిల్లలూ అందరూ. నేను మందుకుండతో ముందే వెళ్ళి కూర్చుంటాను."

పొద్దున్నే నక్క లొట్టలేసుకుంటూ మలుపు దగ్గరకు చేరింది. పొదలో ఏదో కదిలింది.

"వచ్చావా బొల్లీ, నా బంగారు కొండా" అంటూ నోరు తెరుచుకుని దూకింది.

పొదలో ఉన్నది ముళ్ళక్క. వీపుమీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

నక్క పెట్టిన కేక అవతలిగట్టుదాకా వినిపించింది. అంతలో కాటుక వచ్చింది, వెనకే మందంతా.

"తల్లులు రావద్దన్నానుగా చెల్లెమ్మా" అని మూలిగింది నక్క, మూతినిండా ముళ్ళతో.

"బిడ్డకు జ్వరం వస్తే చూసుకోవడానికి తల్లి ఉండొద్దా అన్నా?"

ముళ్ళక్క ఆ ముళ్ళను తనే ఒక్కొక్కటిగా పీకింది. "ఇవాళ నీకూ ఒళ్ళు కాలుతుంది, కంగారుపడకు. ఏమీ ముట్టకపోయినా ఫరవాలేదు. గొర్రెపిల్లల్ని మాత్రం అసలు ముట్టకు."

నక్క తోక ముడిచి పోయింది. బొల్లికి మందు పడింది, వెనకాల పిల్లలన్నింటికీ పడింది. మధ్యాహ్నానికి బొల్లి ఒళ్ళు వెచ్చబడింది. ఈసారి ముళ్ళక్క కదల్లేదు. తడి ఆకులతో ఒళ్ళు తుడుస్తూ, కంగారుపడే ప్రతి తల్లికీ విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెబుతూ కూర్చుంది. పొద్దువాలేవేళకు బొల్లి లేచి, తూలుతూ వచ్చి, తల్లి పొదుగును కుమ్మింది. కాటుకకు కళ్ళు నిండిపోయాయి.

ఆ ఏడు బొబ్బల రోగం ఏరు దాటి వచ్చింది కానీ ఆ దొడ్డిలో ఒక్క పిల్లనూ తీసుకుపోలేకపోయింది. మరుసటి ఏడు కొత్త పిల్లలకు మందు వేసే రోజున ఎవరూ పిలవకుండానే కాటుక ముందు నడిచింది. వాచిన మూతి ఎప్పుడో తగ్గినా, ఆ మందను చూడగానే నక్క వేరే దారి పట్టింది.

పిల్లకు మందు వేయడం సగం పనే, తల్లి భయం తీరేదాకా పక్కన కూర్చోవడం మిగతా సగం.