మెరుగు పెట్టని డాలరు

ఉదయం పది. తుఫాను ముసురు. బందరు వీధుల్లో చీలమండ లోతు నీళ్లు.

మా మంజీర డాలరు పట్టుకుని వాళ్ల నాన్న వర్క్‌షాపుకి బయల్దేరింది. వెండిది. పదిహేడు వందల తొంభై అయిదు నాటిది. అమెరికా వాళ్లు డాలర్లు కొట్టడం మొదలుపెట్టిన కొత్తలోది. దాని మీద జుట్టు విరబోసుకున్న ఒకావిడ ముఖం. చిన్నప్పట్నుంచి పోగేసిన నాణేలన్నీ చెన్నైలో నాణేలమ్మే ఆసామికి ఇచ్చేసి ఈ ఒక్కటి మార్చుకుంది మా పిల్ల.

తీరా ఇంటికొచ్చి భూతద్దంలో చూస్తే, ఆవిడ జుట్టు మీద సన్నటి గీతలు. ఆకురాయితో గీకినట్టు. తెల్లారితే విజయవాడలో నాణేల పోటీ.

"మెరుగు పెట్టించేస్తానమ్మా. పావుగంట పని."

మాది రోల్డ్ గోల్డ్ నగల పని. మసకబారింది ఏదైనా మెరుగు చక్రానికి పెట్టడమే మా ఇంట్లో తెలిసిన వైద్యం. అయినా నాకెందుకో మనసొప్పలేదు.

"ముందు గౌస్ గారికి చూపించు."

"ఆయన కాలం వేరు. నాకు తెలియంది ఇప్పుడు ఆయనేం చెప్తారు?"

నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తాలి, ముఖం తాకకూడదు అని మంజీరకి మొట్టమొదట నేర్పింది గౌస్ మొహియుద్దీన్ గారే. నాణేల క్లబ్బులో పేరొచ్చాక అటు వెళ్లడం మానేసింది.

స్కూటీ తాళం నా కొంగున ముడేసుకున్నాను.

"నడిచే వెళ్దాం పద. ఆయనిల్లు దారిలోనేగా."

గౌస్ గారు వరండాలో ఉన్నారు. తడిసిన మా ఇద్దర్నీ చూసి నవ్వారు.

"ఏం తల్లీ, దారి తప్పావా?"

"వాన తెచ్చింది ఉస్తాద్."

"అయితే వానకి సలాం."

మంజీర రుమాలు విప్పి డాలరు ఆయన ముందు పెట్టింది. "చెన్నై ఆసామి పాడైనది అంటగట్టాడు ఉస్తాద్. మెరుగు పెట్టిస్తే ఈ గీతలు పోతాయి కదా?"

ఆయన దాన్ని ముట్టుకోలేదు. లోపలికి కేకేశారు.

"బేగం, రెండు పిండి ముద్దలు పట్రా. మిఠాయి అచ్చు కూడా."

"ఆకలేస్తే చెప్పాలి గానీ, పచ్చి పిండి తింటారా?" అంటూనే ఆవిడ తెచ్చింది.

ఒక ముద్దని అరచేత్తో అదిమి, పుల్లతో ఈ చివర నుంచి ఆ చివరకి గీతలు గీశారు. దాని మీద పువ్వు అచ్చు నొక్కారు. రెండో ముద్దకి ముందు అచ్చు నొక్కి, తర్వాత గీతలు గీశారు. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దం మా పిల్లకిచ్చారు.

రెండోదాంట్లో గీతలు పువ్వు మీంచి పోయి చుట్టూ చదునులోనూ సాగాయి. మొదటిదాంట్లో చదునంతా నున్నగా ఉంది. ఉబికిన రేకుల మీద మాత్రం గీతలు మిగిలాయి.

మంజీర డాలరు అందుకుంది. చాలాసేపు చూసింది. జుట్టు మీదే గీతలు. చుట్టూ నున్నగా ఉంది.

"ఉస్తాద్... ముఖం పడకముందే ఉన్నాయా ఇవి?"

"బిళ్ల బరువెక్కువైతే టంకశాలలోనే అరగదీసేవాళ్లు తల్లీ. ముఖం ఆ తర్వాతే పడుతుంది. ఇవి దెబ్బలు కావు, పుట్టుమచ్చలు."

పిల్ల తల దించుకుంది.

డాలరుని మళ్లీ రుమాల్లో చుట్టి అంది. "రేపు మీరూ రావాలి ఉస్తాద్."

మర్నాడు మా ఆయనతో కలిపి నలుగురం విజయవాడ వెళ్లాం. పరీక్షించే పెద్దమనిషి మా డాలరు దగ్గర ఆగాడు. "ఈ గీతలేంటమ్మా?" అన్నాడు. ఆయనకి తెలుసు. మా పిల్లకి తెలుసా అని చూస్తున్నాడు.

మంజీర క్యారియరు మూత తీసింది. రెండు పిండి ముద్దలు, బేగం గారి అచ్చు.

"ఒక్క నిమిషం సార్."

జనం మూగారు. ఉస్తాద్ చేసినట్టే చేసింది పిల్ల. రెండో ముద్ద మీద గీతలు గీసేసరికి ఆ పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది. మొదటి బహుమతి మాదే. మా ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "ఈ చేత్తోనే అరగదీసేవాణ్ణి" అన్నారు.

గౌస్ గారు బహుమతి కప్పుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది మాత్రం మీ నాన్న చక్రానికి పెట్టుకో తల్లీ."

తిరుగు దారిలో పామర్రు దాటాక బస్సు జారి పొలంలోకి ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంకో బస్సు పట్టుకున్నాం.

ఇంటికొచ్చి, తలుపేసి లెక్కపెట్టాను. గౌస్ గారిని వాళ్ల గుమ్మంలో దింపాం. మా ఆయన వచ్చారు. నేను ఉన్నాను. మంజీర వచ్చింది.

అది రుమాలు విప్పి, డాలరుని అంచులు పట్టుకుని ఎత్తింది. ముఖం తాకకుండా.

జుట్టు విరబోసుకున్న ఆవిడా వచ్చింది.