తొర్రలో ఉండిపోయిన చిప్పలు

అనగనగా ఒక అడవిలో నీళ్ళన్నీ ఒకే ఒక్క ఊటలో ఉండేవి. ఆ ఊటకి కాపలా ఏనుగు తాత. ఆయన గుహ నిండా మారేడు చిప్పలే. మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు ఒక చిప్ప అడిగి తీసుకోవాలి, పోశాక తిరిగి ఇవ్వాలి. అదీ అక్కడి పద్ధతి.

తుర్రమ్మ అనే ఉడతకి ఒళ్ళంతా తొందరే. ఒక్క చిప్ప కోసం రోజుకి ఇరవైసార్లు వరసలో నిలబడడం దాని వల్ల అయ్యే పనా?

"తాతా, చేతిలోది కాక ఇంకో రెండు చిప్పలు నా తొర్రలో ఉంచుకుంటాను. నీకూ శ్రమ తప్పుతుంది, నాకూ కాళ్ళనొప్పులు తప్పుతాయి" అంది.

"మంచి ఆలోచనే తల్లీ, ఉంచుకో. పని మానేసి వెళ్ళేనాడు మాత్రం అవి కూడా ఇచ్చి వెళ్ళు. ఎవరి తొర్రలో ఏముందో నాకు కనపడదు" అన్నాడు తాత.

"అయ్యో, ఆ మాత్రం తెలీదా!" అంది తుర్రమ్మ.

పని చకచకా సాగింది. అది చూసి కుందేలు తన బొరియలో రెండు దాచింది. కోతి తన కొమ్మల సందున రెండు దాచింది.

ఇంతలో దూరాన మామిళ్ళు పండాయి. వాసన తగిలిందో లేదో, తుర్రమ్మ పనికి స్వస్తి చెప్పింది. చేతిలో ఉన్న చిప్ప తాతకి ఇచ్చి, దణ్ణం పెట్టి, తుర్రుమంది. తొర్ర సంగతి తలపుకే రాలేదు. కుందేలూ అంతే, కోతీ అంతే. వాళ్ళ తర్వాత పనిలోకి వచ్చినవాళ్ళూ అంతే.

ఏడాది తిరిగింది. ఎండలు మండిపోయాయి. మామిడిచెట్టు మీద తుర్రమ్మ పసికూన దాహంతో కళ్ళు తేలేసింది. తుర్రమ్మ కొమ్మ మీంచి దూకింది. ఊట దగ్గరికి ఒకటే పరుగు!

"తాతా, తొందరగా ఒక చిప్ప ఇవ్వు!"

తాత దిగులుగా గుహ చూపించాడు. లోపల ఒక్క చిప్ప లేదు.

"వెళ్ళినవాళ్ళంతా చేతిలోది ఇచ్చే వెళ్ళారు తల్లీ. అయినా ఎలా ఖాళీ అయిందో!"

తోక తడిపి తీసుకెళ్దామా అంటే, దారిలోనే ఆరిపోతుంది. తుర్రమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఇవ్వకుండా పోయినవాడి తోక ఊడిపోను!" అని తిట్టింది. తిడుతూ తల ఎత్తింది. ఎదురుగా తన పాత చెట్టు, తన పాత తొర్ర.

తుర్రమ్మ గబుక్కున తన తోక పట్టుకుంది.

చెట్టెక్కి చూస్తే, రెండు చిప్పలూ సాలెగూడు కప్పుకుని హాయిగా కూర్చున్నాయి. ఒకటి ముంచుకుని పరిగెత్తింది. నీళ్ళు గొంతులో పడగానే కూన కళ్ళు తెరిచి "ఇంకా కావాలి" అంది. ఆ మాటకి తల్లి ఏడ్చేసింది.

మర్నాడు రెండు చిప్పలూ తాత ముందు పెట్టి, "ఆ దొంగని నేనే తాతా" అంది.

ఆనాటి నుంచి పని మానేసి వెళ్ళే ప్రతివాళ్ళనీ తాత ఆపుతాడు. ఆయన నోరు తెరిచేలోపే తుర్రమ్మ అడిగేస్తుంది. "చేతిలోది సరే, మరి దాచుకున్నదో? తోక జాగ్రత్త!"

నీతి: అక్కరకి దాచుకోవడం తప్పు కాదు, వెళ్ళేటప్పుడు చేతిలోదే కాదు, దాచుకున్నదీ అప్పగించి వెళ్ళాలి.