గోరింక చెప్పిన ఆనవాళ్లు

అనగనగా కొండకింద ఒక అడవి, ఆ అడవి అంతటికీ వార్తలు చెప్పే గోరింక ఒకటి. పొద్దు పొడవగానే అది ఇప్పచెట్టు చిటారుకొమ్మన కూర్చుని గొంతెత్తేది. ఎవరింట పిల్లలు పుట్టాయో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఏ వైపు నేరేళ్లు పండాయో అన్నీ చెప్పేది. ఆ వార్తలు వినందే ఎవరికీ మేత సహించేది కాదు. పక్కవాళ్ల సంగతులంటే మనకు మాత్రం చేదా పిల్లలూ?

ఆ చెట్టు కింద తుప్పలో కూర్చుని బావురుపిల్లి కూడా వినేది. ఆ సంగతి గోరింకకు తెలియదు. ఎవరికీ తెలియదు.

ఒక ఎండాకాలం కొండ మీద కార్చిచ్చు రేగింది. అక్కడి జంతువులు పిల్లల్ని వెంటబెట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చి ఒక గుహలో తలదాచుకున్నాయి. వాటికి తినడానికి ఏమీ లేదు. అది చూసి కొండకింద జంతువులన్నీ తలా ఇంత మేత తెచ్చి గుహ ముందు పెడదామనుకున్నాయి. ఇచ్చినవాళ్ల పేర్లు వార్తల్లో చెబుతానని గోరింక మాటిచ్చింది. పాపం, మంచి ఉద్దేశంతోనే అన్నది. ఒకరి పేరు వింటే ఇంకో నలుగురు ఇస్తారని దాని ఆశ.

ముందుగా కౌజుపిట్ట జొన్నగింజలు తెచ్చింది. కౌజుపిట్ట జొన్నలిచ్చిందని గోరింక చెప్పింది. కౌజుకు అది చాల్లేదు. అడవిలో కౌజులు బోలెడు ఉన్నాయి, ఇచ్చింది తనైతే అందరూ వాగవతలి కౌజును మెచ్చుకుంటున్నారని మూతి ముడిచింది. గోరింక నవ్వి, మళ్లీ కొమ్మెక్కి చెప్పింది.

"జొన్నలిచ్చింది పుట్ట వెనక రేగుపొదలో ఉండే కౌజు."

అప్పటినుంచి అదే ఆనవాయితీ అయింది. ఎవరేమిచ్చినా పేరుతో పాటు ఇల్లెక్కడో కూడా చెప్పాలి. గుహ ముందు మేత కుప్పలు పడింది.

మర్నాడు రేగుపొద ఖాళీగా ఉంది. కింద నాలుగు ఈకలు పడి ఉన్నాయి. ఆ వార్త కూడా గోరింకే చెప్పింది. జంతువులన్నీ అయ్యో అన్నాయి.

తర్వాత ఉడుత వెలక్కాయలిచ్చింది. తుమ్మమోడు తొర్రలో ఉండే ఉడుత అని గోరింక చాటింది. తెల్లారేసరికి ఆ ఉడుతా లేదు. తొర్ర అంచున గోళ్ల గీతలున్నాయి. ఈసారి జంతువులన్నీ పొద్దుండగానే పిల్లల్ని ఇళ్లలోకి లాక్కుని గుమ్మాలకు ఆకులు అడ్డం పెట్టుకున్నాయి. అడవికి ఏదో కీడు పట్టిందన్నాయి. కీడు పోవాలంటే ఇంకా ఎక్కువ దానం చేయాలన్నాయి.

నూకమ్మ అనే కుందేలుకు ఇంకా నడక రాని కూనలున్నాయి. దానికీ భయం వేసింది. పైగా తన ఇంటినుంచి గుహకు గడ్డిపరక కూడా పోలేదని తోడికోడలు రోజూ ఎత్తిపొడుస్తోంది. నూకమ్మ దాచుకున్న గెనుసుగడ్డలు తీసుకెళ్లి గుహ ముందు పెట్టి, గోరింక దగ్గరికి వెళ్లింది.

"అక్కా, మా ఇల్లు కాస్త వివరంగా చెప్పు. ఊరికే నూకమ్మ అంటే మా తోడికోడలి చెవికెక్కదు" అంది.

మర్నాడు గోరింక గొంతెత్తింది. "గెనుసుగడ్డలిచ్చింది నూకమ్మ. మోదుగచెట్టు దగ్గర జంటరాళ్లు, వాటికి ఎడమవైపు కన్నం."

నూకమ్మ కన్నం ముందు నిలబడి విన్నది. మురిసిపోయి తోడికోడలి ఇంటివైపు చూసింది. అంతలోనే నూకమ్మకు ఒకటి తట్టింది. రేగుపొద అని చెప్పాక రేగుపొద ఖాళీ అయింది. తుమ్మమోడు అని చెప్పాక తుమ్మమోడు ఖాళీ అయింది. ఇవాళ చెప్పింది మోదుగచెట్టు.

కూనను నోట కరుచుకుని గుహకు పరిగెత్తింది. అక్కడ కొండమీది నుంచి వచ్చిన ముళ్లపంది ఉంది. నోట్లో కూనతోనే నూకమ్మ దాని ముందు ఆగింది. ముళ్లపంది ఏమీ అడగకుండా పక్కకు జరిగింది. "నా వెనక పడుకోబెట్టు చెల్లీ" అంది.

నూకమ్మ ఒక్కొక్క కూననే చేరవేసింది. చివరి కూనను కరుచుకుని పొద చాటుకు చేరిందో లేదో, బావురుపిల్లి వచ్చింది. అది వాసన చూడలేదు, వెతకలేదు. చుట్టాలింటికి వచ్చినట్టు తిన్నగా నడిచి వచ్చింది. వస్తూ తనలో తాను గొణుక్కుంటోంది.

"మోదుగచెట్టు. జంటరాళ్లు. ఎడమవైపు కన్నం."

కన్నంలోకి పంజా పెట్టి తడిమింది. "ఇంకా వెచ్చగానే ఉంది" అని అక్కడే కూర్చుంది.

నూకమ్మ కదల్లేదు. నోట్లో కూన కుయ్యిమంటే ఇద్దరి పనీ అయిపోతుంది. ఎండ నెత్తిమీదికి వచ్చినా పిల్లి లేవలేదు. చివరికి అది విసిగి లేచి వెళ్లాక, నూకమ్మ ఆ కూనతో గుహ చేరింది.

జరిగింది విని గోరింక కొమ్మ దిగి ఏడ్చింది. కౌజునూ ఉడుతనూ ఎవరు తెచ్చిస్తారు? మర్నాటినుంచి గుహకు జొన్నలు వచ్చాయనీ, గడ్డలు వచ్చాయనీ మాత్రమే చెప్పింది. ఎవరి పేరూ చెప్పలేదు. ఇచ్చేవాళ్లు సగానికి సగం తగ్గారు, అబద్ధమెందుకు. నూకమ్మ మాత్రం రోజూ ఏదో ఒకటి ఎవరూ చూడకుండా పెట్టి వచ్చేది. ఇప్పుడు ఇల్లు ఎక్కడికి మార్చిందో తోడికోడలికి కూడా చెప్పలేదు.

ఇప్పచెట్టు కింద తుప్పలో బావురుపిల్లి ఇంకా పొద్దున్నే వచ్చి కూర్చుంటూనే ఉంది. చెవులు రిక్కించి వార్తలు వింటూనే ఉంది.

నీతి: సాయం ఆకలిగొన్నవాళ్లకు అందితే చాలు, మన గొప్ప ఊరంతా చాటించుకుంటే అది ఎవరి చెవిన పడుతుందో మనకు తెలియదు.