ఎర్ర రాయి పాట

అనగనగా, నది సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉండేది. దాని ముందు తెల్లటి ఇసుక తిన్నె. వెన్నెల పడితే అది ఎవరో ఆరేసి మరిచిపోయిన పట్టుచీరలా మెరిసేది. ఏటా సముద్రపు పిట్టలు వచ్చి ఆ ఇసుకలోనే గుడ్లు పెట్టేవి.

ఆ అడవిలో బూడిదమ్మ అనే కొంగ ఉండేది. ఏ గుడ్డు బతికింది, ఏ గుడ్డు పోటుకి కొట్టుకుపోయింది అని చూస్తూనే సగం వయసు గడిపింది. చివరికి ఒక సంగతి కనిపెట్టింది. ముక్కుతో ఇసుక తవ్వితే పచ్చి నాచు తగిలిందా, పోటు అక్కడిదాకా వస్తుందన్నమాట. తగలకపోతేనే గుడ్డు పెట్టాలి. ఆ ఏడు తిన్నె మీదున్న ఒక ఎర్ర రాయి దగ్గర నాచు తగల్లేదు. పిట్టలన్నీ అక్కడే పెట్టాయి. పిల్లలన్నీ బతికాయి.

ఈ విద్య తనతోనే పోకూడదని బూడిదమ్మ చుట్టుపక్కల పిట్టపిల్లలందరికీ బడి పెట్టింది. వల్లె వేయించేది కాదు. తవ్వి చూసి రమ్మనేది. పిల్లలు ముక్కు నిండా బురదతో ఇల్లు చేరేవి.

ముందు కాకి వచ్చి, మావాడికి ఒక్క ముక్కా నోటికి రాలేదని సణిగింది. తర్వాత గోరువంక వచ్చి, ఈ బురద ఎవరు కడుగుతారని దెప్పింది. చివరికి అడవి పెద్ద గూడబాతే వచ్చాడు.

"చిలక కొత్తగా పెట్టిన బడి చూశావా బూడిదమ్మా? ఎర్ర రాయి పక్కనే గుడ్లు పెట్టాలని ఎంత కమ్మగా పాడిస్తోందో. నువ్వు కనిపెట్టిందేగా."

"నేను కనిపెట్టింది రాయిని కాదు పెద్దయ్యా, తవ్వి చూడటాన్ని. ఇసుక ఏటా కదులుతుంది."

గూడబాతు నవ్వేసి వెళ్లిపోయాడు. బూడిదమ్మ బడి ఖాళీ అయింది. బూడిదమ్మ ముద్దుగా చూసుకున్న సముద్రపు పిట్టపిల్ల నురగ కూడా, పాట బాగుందంటూ చిలక బడికి వెళ్లిపోయింది.

ఏళ్లు తిరిగాయి. ఒక వానాకాలం నది పొంగి తిన్నెను కోసేసింది. నురగ తొలిసారి గుడ్లు పెట్టడానికి ఎర్ర రాయి పక్కన కూర్చుంది. బూడిదమ్మ పరుగున వచ్చింది.

"ఒక్కసారి తవ్వి చూడవే తల్లీ."

"అందరూ ఇక్కడే పెట్టారు అమ్మమ్మా. నేనొక్కదాన్నే బురద ముక్కేసుకుని తిరగనా?"

బూడిదమ్మ తనే తవ్వింది. పచ్చటి నాచు పైకొచ్చింది. నురగ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

"పాటలో నాచు లేదు," అంది.

అమావాస్య పోటు వచ్చింది. తెల్లారేసరికి తిన్నె నున్నగా ఉంది. గుడ్డు పెంకు కూడా మిగల్లేదు. నురగ రాయి చుట్టూ తిరుగుతూ గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది.

గూడబాతు సభ పెట్టాడు. బూడిదమ్మ మెడలో పూల తీగ వేసి, ఎర్ర రాయికి ఆమె పేరు పెట్టాడు. ఇక గుడ్లు ఎక్కడ పెట్టాలో చెప్పమన్నాడు.

"తవ్వి చూడండి," అంది బూడిదమ్మ.

ఆమె అప్పుడు తిన్నె మీద ఒక నల్ల దుంగ పక్కన నిలబడి ఉంది. చిలక అది చూసింది. పొద్దు వాలేసరికి నల్ల దుంగ పాట తయారైంది. అందరికంటే ముందు ఎత్తుకున్న గొంతు నురగది.

బూడిదమ్మ తిన్నె చివరికి పోయి, ఒక్కతే ఇసుక తవ్వుతూ కూర్చుంది.

నీతి: వెతకడం మానేసి, ఎప్పుడో దొరికిన జవాబునే పట్టుకుని కూర్చుంటే, ఆ జవాబే మనల్ని ముంచుతుంది.