బుడుంగమ్మకి గుడ్డు అడ్డం పడింది

అనగనగా ఒక ఊళ్ళో... ఉహూఁ, ఊళ్ళో కాదర్రా, కొల్లేటి మధ్యన ఒక లంకలో నాంచారమ్మని ఒకావిడ ఉండేది. ఆవిడకో కొడుకు, భద్రయ్య. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు, పేరంటాలు. వీళ్ళిద్దరికన్నా ఆవిడకి ముద్దు ఓ తెల్లబాతు. దాని పేరు బుడుంగమ్మ! నవ్వకండర్రా, నీళ్ళలో బుడుంగున మునిగేది మరి. దానికి తవుడు కలిపి పెట్టందే నాంచారమ్మ తను ముద్ద ముట్టేది కాదు. కోడలు దగ్గరికెళ్తే చాలు, దాన్ని ముట్టుకోకే, బెదురుతుంది అని గయ్యిమనేది.

ఊఁ కొడుతున్నారా? కొట్టండి, ఇప్పుడే ఉంది అసలు సంగతి.

ఒకనాడు పొద్దున్నే గంప ఎత్తితే బుడుంగమ్మ బయటికి రాదే! తవుడు పెడితే తినదు, నీళ్ళు పెడితే తాగదు, రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. తోక కిందికి వేలాడేసి, మనిషిలా నిటారుగా నిలబడి ఒకటే ముక్కడం! నాంచారమ్మ గుండె గుభేలుమంది. పశువుల డాక్టరేమో కొల్లేటికి అవతలి గట్టున. బయట ముసురు, గాలి, ఇంతింత కెరటాలు. దోనె వేస్తే మనిషే దక్కడు!

కొల్లేటి దెయ్యం పట్టిందిరో అని నాంచారమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. వేపమండతో విసిరింది. బాతు తుమ్మింది గాని కదల్లేదు. భద్రయ్యేమో, ఎలాగూ పోయేదే, పోయాక పనికిరాదు, పులుసు పెట్టేద్దామని కత్తిపీట తీశాడు!

అప్పుడు పేరంటాలు చటుక్కున బాతుని ఒళ్ళోకి తీసుకుంది. పొట్ట కింద మెల్లిగా తడిమింది. తోక దగ్గర ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఏదో తగిలింది.

"అత్తా, దెయ్యం కాదు, గుడ్డు! గుడ్డు అడ్డం పడింది!"

"నీకెలా తెలుసే?"

"చేతికి తగులుతోందత్తా. మా అక్క నొప్పులు పడుతుంటే వేణ్ణీళ్ళు పోస్తే ఒళ్ళు సడలింది. ఇదీ ఆడదేగా! మావా, ఆ కత్తిపీట అవతల పెట్టు!"

నీళ్ళు కాచి తొట్టిలో పోసింది. మోచెయ్యి ముంచి చూసింది, పసిపిల్లకి పోసేంత వేడి, అంతే. బాతుని పొట్టదాకా కూర్చోబెట్టింది. తోక కింద కొబ్బరినూనె రాసింది. నాంచారమ్మ ఆత్రం కొద్దీ పొట్ట నొక్కబోయింది.

"నొక్కకత్తా! లోపల పగిలితే బాతు దక్కదు!"

కాచింది, పోసింది, చల్లారింది. మళ్ళీ కాచింది, మళ్ళీ పోసింది, మళ్ళీ చల్లారింది. ఇంతలో ఎండుకట్టెలైపోయాయి, మిగిలినవన్నీ తడిసినవే! పొయ్యి కట్టెలడిగింది, కట్టెలు ఎండనడిగాయి, ఎండ మబ్బునడిగింది, మబ్బేమో నేను కదలను పొమ్మంది! బుడుంగమ్మ మెడ వాలిపోయింది. కళ్ళు మూతపడుతున్నాయి. పేరంటాలుకి ఏడుపొచ్చేసింది.

అప్పుడు నాంచారమ్మ ఏం చేసిందో చెప్పుకోండి! పుట్టింటి నుంచి తెచ్చుకున్న పనసచెక్క పీట, ఇంకొకర్ని కూర్చోనివ్వని పీట, తీసి గొడ్డలితో ఫటఫటా చీల్చేసింది! భద్రయ్య పులుసు సంగతి మర్చిపోయి, గొట్టం పట్టుకుని బుగ్గలు పూరీల్లా ఉబ్బించి ఊదాడు. పొయ్యి భగ్గుమంది. నీళ్ళు కాగాయి. బుడుంగమ్మ కూర్చుంది, ముక్కింది, మూలిగింది, ఇంకోసారి ముక్కింది...

టపుక్!

పడింది గుడ్డు! మెత్తగా, తోలుసంచిలా ఉంది. బాతు ఒక్కసారి రెక్కలు టపటపా కొట్టి "క్వా! క్వా!" అంటూ ముగ్గుర్నీ తలంటుపోసినట్టు తడిపేసింది! నాంచారమ్మ బాతునెత్తుకుందనుకున్నారా? కాదర్రా, కోడల్ని వాటేసుకుంది. నా తల్లే, నా బంగారమే అని ఏడుస్తోంది, నవ్వుతోంది.

పేరంటాలు బుడుంగమ్మని తుడిచి, పొడిగడ్డి వేసిన గంపలో పెట్టి, పొయ్యి పక్కన వెచ్చగా ఉంచి, బెల్లంనీళ్ళు పట్టింది. ఒట్టి తవుడు తింటే గుడ్డుకి పెంకెక్కడిదని, ఆనాటినుంచి నత్తగుల్లలు దంచి కలిపి పెట్టేది. కలిపేది కోడలే, అత్త చూసి మురిసేది.

అందుకేనర్రా, దెయ్యం అనేముందు ఒకసారి చెయ్యి వేసి చూడాలి. కథ దోనెక్కి కంచికి పోయింది, మనం దుప్పట్లోకి పోదాం. ఇహ కళ్ళు మూయండి.