తెల్లకొప్పు మీంచి దిగిన సంచి

ఎక్కడ ఫోటో తీస్తున్నా నేను వెళ్లి మధ్యలో నిలబడతాను. గొప్ప కోసం కాదు. మధ్యలో ఎవరుండాలో తేలక జనం మొహమాటపడుతూ అటూ ఇటూ జరుగుతుంటే చూడలేను. నలుగురి ఇబ్బంది తీర్చడం నా స్వభావం. ఒకటి రెండు పెళ్లిళ్లలో పెళ్లికొడుకు కాస్త పక్కకు జరగాల్సి వచ్చిన మాట నిజమే. అయినా ఎవరూ నన్నేమీ అనలేదు, నాకు వినపడేలా. ఇంత సేవాభావం ఉన్నవాణ్ని కాబట్టి ఈ కథ చెప్పడానికి నేనే తగినవాణ్నని నాకు నేనే తేల్చుకున్నాను. మంచుకొండను నేను క్యాలెండర్‌లో తప్ప చూడలేదు. అదేమంత లోటు కాదు. ఈ కథలో కొండెక్కి వచ్చామని చెప్పేవాళ్లలో కొందరు నాకంటే ఎక్కువేమీ చూడలేదు.

తెల్లకొప్పు అని ఒక మంచుకొండ. దాని కింద పచ్చిక బయలు, ఆ బయలు మధ్యగా కొండమంచు కరిగి వచ్చే వాగు. అక్కడి కొండమేకలూ, కుందేళ్లూ, ఒళ్లంతా వెంట్రుకలు వేలాడే జడలబర్రెలూ ఆ వాగు నీళ్లే తాగి బతికేవి.

ఆ బయల్లో గుర్నాథం అనే నక్క ఒక వ్యాపారం కనిపెట్టాడు. కింద మైదానాల్లో ఉండే జంతువుల్ని తెల్లకొప్పు శిఖరం ఎక్కించడం. ఎక్కి వచ్చినవాళ్లకు బయల్లో ఒక మర్యాద ఉంది. సభలో ముందుబండ మీద కూర్చోబెట్టి, అందరూ లేచి నిలబడి, "పైన ఎలా ఉంది బాబూ?" అని అడగాలి. వాళ్లు చెబుతారు, వీళ్లు వినాలి. ఆ ఒక్క ప్రశ్న అడిగించుకోవడం కోసం ఎద్దులూ గాడిదలూ గాలి అందక నోళ్లు తెరుచుకుని మంచులో మోకాళ్ల మీద పాకేవి.

కొందరు తిరిగొచ్చేవాళ్లు కాదు. ఎర్ర శాలువా కప్పుకుని ఎక్కిన ఒక పొట్టేలు దారిలో కాసేపు కూర్చుంటానని కూర్చుని అలాగే ఉండిపోయాడు. ఆ చలిలో పాడవడు కూడా. "ఎర్ర శాలువా దగ్గర ఎడమకు తిరగండి" అని గుర్నాథం వచ్చినవాళ్లందరికీ దారి చెప్పేవాడు. ఆ పొట్టేలుకు సాంబమూర్తి అని ఒక పేరుందని గుర్తున్నది నాంచారమ్మకొక్కదానికే.

నాంచారమ్మ జడలబర్రె. ఎక్కేవాళ్ల గుడారాలూ, తిండిడబ్బాలూ, పైన ఊపిరాడక పీల్చుకునే గాలిబుడ్లూ అన్నీ మోసేది ఆవిడే. దానికి బదులుగా గుర్నాథం చలికాలానికి ఎండుగడ్డి చూపించేవాడు. ఆవిడ ఆ గడ్డి కోసమే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. ఆ ఏడు ఎండలు ముదిరాక మాత్రం సభలో లేచి నిలబడింది.

సభకు పెద్ద పానకాలు. గడ్డం నెరిసిన కొండమేక. ఏదడిగినా ముందు కాసేపు నెమరేసి గాని బదులు చెప్పడు.

"తాతా, నా దూడ పాలు వదిలేసింది. తాగిన నీళ్లు తాగినట్టే పోతున్నాయి. నిన్నటినుంచి లేచి నిలబడటం లేదు. వాగులో ఏం కొట్టుకొస్తోందో మీరే చూడండి."

అందరూ వాగు వైపు తిరిగారు. చిరిగిన గుడారం గుడ్డలు, తుప్పుపట్టిన డబ్బాలు, వాటి వెనకాల ఇంకా ఏవేవో.

"వాగన్నాక ఏదో ఒకటి వస్తుందక్కా, నా వాళ్లనెందుకు అంటావు?" అన్నాడు గుర్నాథం.

"డబ్బాలు సరే. వాటి వెనక వచ్చేవి ఎవరివి?"

"నా వాళ్లవి కావు. వాళ్లు పెద్దింటివాళ్లు. కొండ మీద అలాంటి పనులకు కూర్చోరు."

"ఎక్కి దిగేదాకా ఆపుకుంటారా నాయనా?"

"పట్టుదల ఉన్నవాళ్లక్కా. లేకపోతే కొండెలా ఎక్కుతారు?"

పానకాలు నెమరు ఆపాడు. "ఆ పైన ఏదీ కుళ్లదురా గుర్నాథం. మంచు దేన్నయినా కప్పెట్టుకుంటుంది, ఎండలు రాగానే మనకే పంపిస్తుంది. నీ మొదటి బేరం ఎవరో ఎద్దు కదూ? ఆయనవి ఇప్పుడు తాగుతున్నాం."

కుందేళ్లు తాగుతున్న నీళ్లు వదిలేసి వెనక్కి జరిగాయి.

గుర్నాథం మాట తిప్పాడు. "అసలు ఆ డబ్బాలు పైకి చేర్చిందెవరు? నా వీపు మీద ఎక్కాయా?"

"నా వీపు మీదే ఎక్కాయి. అందుకే అడుగుతున్నాను" అంది నాంచారమ్మ.

ఎక్కడాన్నే ఆపేద్దామన్నారు కొందరు. మరి చలికాలం గడ్డి ఎవరిస్తారన్నారు ఇంకొందరు. కొమ్ములు తగిలేదాకా వచ్చింది. అప్పుడు నాంచారమ్మే అంది, "ఆపొద్దు తాతా. ఎక్కొచ్చిన ప్రతివాడికీ లేచి నిలబడుతున్నాం కదా, ఎక్కాడని రుజువేముంది? గుర్నాథం మాట తప్ప ఏమీ లేదు. ఇకనుంచి రుజువు తెమ్మందాం. పైన ఎవరు విడిచింది వాళ్లు సంచిలో కట్టుకుని, తీసుకెళ్లిన డబ్బాలతో సహా కిందికి తేవాలి. సంచి లేనివాడికి బండ లేదు."

గుర్నాథం పడీ పడీ నవ్వాడు. "పెద్దింటివాళ్లు పేడసంచి మోస్తారా అక్కా?"

"ముందుబండ కావాలంటే మోస్తారు" అన్నాడు పానకాలు. అదే ఖాయం చేశాడు.

ఆ తర్వాత జరిగింది నాకూ నమ్మబుద్ధి కాలేదు గాని, ముందుబండల సంగతి తెలిసినవాణ్ని కాబట్టి నమ్మాను. మొదట ఎక్కొచ్చిన దున్న తనంత సంచి మోసుకుని దిగాడు. బండ మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బయలంతా "అబ్బో" అంది. ఆ "అబ్బో" మైదానాలదాకా వెళ్లింది. అక్కడ ఇప్పుడు శిఖరం ఎంత ఎత్తని ఎవరూ అడగడం లేదు, దున్నగారి సంచి ఎంతని అడుగుతున్నారు. వాగులోకి కొత్తగా వచ్చి చేరేది తగ్గింది. దూడ గుటకలు గుటకలుగా పాలు తాగింది. ఈ ఏర్పాటు ఇలా నిలబడితే అది కూడా నిలబడుతుందని నాంచారమ్మ ఆశ.

అప్పుడొచ్చాడు దండపాణి. గోదావరి గట్టున ఏదో పల్లెనుంచి వచ్చిన కోడిపుంజు. వెంట ఒక బుట్టెడు ఎండుచేపలు గుర్నాథానికి.

నక్క దగ్గరికి కోడి ఎలా వచ్చాడని మీకు అనుమానం రావచ్చు. దండపాణికీ వచ్చింది.

"భయపడకండి. కోడి ఒకపూట భోజనం. బేరం ఏడాదంతా భోజనం" అన్నాడు గుర్నాథం.

ఈ లెక్క దండపాణికి నచ్చింది. "శిఖరం మీద నిలబడి ఒక్క కూత కూయాలండీ. మా వీధిలో పుంజులన్నీ నోళ్లు మూసుకోవాలి. ఇంకో సంగతి. దున్నగారి సంచి కంటే నాది చిన్నదైతే తలెత్తుకోలేను."

గుర్నాథం పుంజును పైనుంచి కిందిదాకా చూశాడు. "అది నాకొదిలెయ్యండి" అన్నాడు.

ముగ్గురూ బయల్దేరారు. ముందు దండపాణి, వెనక నాంచారమ్మ సామానుతో, ఆ వెనక సామాను లేకుండా గుర్నాథం. కొండ సగంలో నడుముబండ అని ఒకటుంది. గుర్నాథం ఎప్పుడూ అక్కడే ఆగి, "మీరు వెళ్లిరండి, వేడినీళ్లు కాచి ఉంచుతాను" అనేవాడు. ఆ రోజు వాళ్లు బండ చేరేసరికి పడమట మబ్బు లేచింది. దండపాణి తురాయి కొసలు నల్లబడ్డాయి. కాళ్లు తడబడుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది.

"ఇంకెంత దూరమండీ శిఖరం? అదిగో, కనపడుతోంది."

"అది నా వీపు బాబూ" అంది నాంచారమ్మ. గుర్నాథం వైపు తిరిగి, "గాలి మారింది. ఈయన్ని దింపెయ్యాలి. ఇంకాస్త పైకెళితే సాంబమూర్తి పక్కన కూర్చుంటాడు" అంది.

"దిగితే ముందుబండ మీద ఏం చెబుతాడక్కా? నా పరువేం కాను? చేపలు సగం తినేశాను కూడా."

"నేను దిగను" అన్నాడు దండపాణి కళ్లు మూసుకునే. "కూయకుండా దిగితే మా వీధిలో బతకలేను."

"ఇక్కడే ఉంటే ఏ వీధిలోనూ బతకవు బాబూ." నాంచారమ్మ ఏమీ ఎరగనట్టు అంది, "కింద వాళ్లు చూసేది సంచేగా గుర్నాథం. పుంజు ఎంతదాకా వెళ్లాడో మబ్బులో ఎవరికి కనపడింది?"

గుర్నాథం చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఆలోచన తనకే వచ్చిందని అప్పుడే నమ్మేశాడు. "నేనూ అదే అనబోతున్నానక్కా. మరి నింపడానికి..."

"నేను లేనూ? ఎంత కావాలంటే అంత తీసుకో నాయనా. దాచుకునేదేముంది."

మైదానంలో ఇలాంటి సంచి కనపడితే ముక్కు మూసుకుని మొహం తిప్పుకుంటారు. గుర్నాథం ఆ పెద్దింటివాళ్లతో తిరిగి తిరిగి ఆ అలవాటు పట్టాడు. ఎవరైనా సంచి బరువు చూస్తారు గాని మూతి విప్పరని అతని ధీమా. పచ్చిక బయల్లో మాత్రం చలికాలం గుహల్లో రాజేసుకునేది ఎండిన పేడనే. అక్కడ దాన్ని చూసి సిగ్గుపడేవాళ్లు పుట్టలేదు.

మబ్బు కొండను మింగేలోగా నాంచారమ్మ పుంజును మెడ జడల్లో కప్పుకుని దిగింది. వెనకాల గుర్నాథం సంచి ఈడ్చుకుంటూ దిగాడు. బతుకులో అతను మొదటిసారి బరువు పట్టింది అప్పుడే.

మర్నాడు సభ. దండపాణి తురాయి కొస ఒకటి రాలిపోయినా రొమ్ము విరుచుకుని బండ మీద నిలబడ్డాడు. పక్కన సంచి. సంచి వెనక నిలబడితే పుంజు కనపడడు. బయలంతా లేచింది. "పైన ఎలా ఉంది బాబూ?"

"ఏం చెప్పమంటారు. లోకమంతా కాళ్ల కింద..."

"ఉండు నాయనా" అన్నాడు పానకాలు. నింపాదిగా వచ్చి కొమ్ముతో సంచి మూతి విప్పి, తల లోపలికంటా పెట్టాడు. పానకాలు తల బయటికి తీసి కాసేపు నెమరేశాడు.

"దండపాణిగారూ, ఇవి తమరివేనా?"

పుంజు నక్క వైపు చూశాడు. నక్క ఆకాశం వైపు చూశాడు.

"నావే" అన్నాడు పుంజు.

"ఒక్కోటి తమరంత ఉందే."

గుర్నాథం ముందుకు దూకాడు. "పైన గాలి పలచన కదా తాతా. అక్కడ అన్నీ ఉబ్బుతాయి. పెద్దింటివాళ్లకు మరీను."

"గడ్డి పోచలున్నాయి."

"దార్లో గడ్డి తిన్నారు. ఆకలి అలాంటిది."

"అలాగా. అయితే నాయనా దండపాణీ, ఇక్కడే ఒక్కసారి కూర్చుని చూపించు. మేం అటు తిరుగుతాంలే."

బయలంతా మర్యాదగా అటు తిరిగింది. తిరిగి కాసేపు నిలబడింది. ఎక్కడో ఒక కుందేలు కిసుక్కుమన్నాడు, దాంతో గట్టు తెగింది. కొండమేకలు కిందపడి దొర్లాయి. ఆ గోలలో పుంజు సన్నగా అన్నది పానకాలుకు వినపడింది.

"నేను పైకి వెళ్లలేదండీ. నడుముబండ దగ్గరే దిగాను. ఈవిడ మోసుకొచ్చింది కాబట్టి ఇలా ఉన్నాను."

"ఆ మాట ముందే చెబితే బండ మీద ఇంకాసేపు ఉండనిచ్చేవాళ్లం" అన్నాడు పానకాలు. "ఒరే గుర్నాథం, నువ్వు పొద్దున లేస్తే చాలు, ఆ కొండెక్కి దిగానంటావు. వెళ్లు. పైన నీవాళ్లు విడిచిందంతా నువ్వే తీసుకురా. ఒక్కో సంచీ నేనే విప్పి చూస్తాను. కాదంటే ఇక నీ వెంట ఎక్కినవాడెవడికీ ఈ బండ లేదు."

బండ లేకపోతే బేరం లేదు, బేరం లేకపోతే చేపలు లేవు. గుర్నాథం తోక కాళ్ల మధ్యకు వెళ్లింది. "పైన దారి నాకు తెలీదు తాతా. నడుముబండ ఎప్పుడూ దాటలేదు."

"ఎర్ర శాలువా దగ్గర ఎడమకని అందరికీ చెబుతావుగా?"

"అది నాంచారమ్మక్క చెప్పింది."

అందరూ నాంచారమ్మ వైపు చూశారు. "నడుముబండదాకానే తెమ్మనండి తాతా. ఆ పైకి వెళితే వీణ్ని కూడా నేనే మోసుకురావాలి" అంది.

ఆ వేసవంతా గుర్నాథం వీపున సంచితో నడుముబండకు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. కింద పానకాలు మూతి విప్పి, తల పెట్టి చూసి, "ఇది చాల్లేదు, ఇంకోసారి" అనేవాడు. నాంచారమ్మ ఇక ఎవరి సామానూ పైకి మొయ్యలేదు. దూడ లేచి నిలబడింది. నడుముబండకు పైన ఉన్నది మాత్రం పైనే ఉంది, సాంబమూర్తితో సహా. ఎండలు ముదిరినప్పుడల్లా కొంచెం కొంచెం దిగుతూనే ఉంది. తాగే ముందు నీళ్లు చూసుకుని తాగమని తల్లులు పిల్లలకు ఇప్పటికీ చెబుతున్నారు.

నీతి చెప్పకపోతే కథ అవలేదంటారు కాబట్టి చెబుతున్నాను: ఎంత ఎత్తు ఎక్కావని కొండ అడగదు, నీ వెనక ఏం వదిలావని కింద నీళ్లు తాగేవాడు అడుగుతాడు.

ఇంత తెలిసినవాణ్ని, నేను రైల్లో వెళుతూ పల్లీలు తిన్నాక ఆ పొట్లం కాగితం ఏం చేశానో ఇంటికొచ్చాక ఎంత ఆలోచించినా గుర్తురాదు. జేబులో మాత్రం ఉండదు. అది జేబులో పెట్టుకోవడం నాకింకా రాలేదు.